పెంపుడు కుక్కలకు, పిల్లులకు క్రిముల బెడద – ఇంటి వైద్యం ఎంతవరకు?

సంక్రాంతి సెలవులకు సొంత ఊరికి వెళ్లి, వారం పది రోజుల తరువాత మాదాపూర్‌లోనో కొండాపూర్‌లోనో ఉన్న తమ ఫ్లాటు తలుపు తీసిన కుటుంబానికి ఒక్కొక్కసారి ఒక వింత అనుభవం ఎదురవుతుంది. ఇల్లు వదిలివెళ్లినట్లే శుభ్రంగా ఉంటుంది. వసతి కేంద్రంలో విడిచిపెట్టిన కుక్కను ఇంకా తీసుకురానేలేదు. అయినప్పటికీ హాలులో నాలుగు అడుగులు వేసేసరికి చీలమండల చుట్టూ చురుక్కుచురుక్కుమని కుట్టడం మొదలవుతుంది. చూస్తే ఎర్రని దద్దుర్లు. దోమలనుకొని కిటికీలు మూస్తారు. నల్లులనుకొని పరుపులు ఎండవేస్తారు. కానీ దోషులు ఈ రెండూ కావు.

కుక్కల మీద, పిల్లుల మీద గెంతుతూ తిరిగే పేలు ఉన్నాయి. వీటినే ఫ్లీలు అంటారు. ఇవి గుడ్లను జంతువు బొచ్చులో పెట్టినప్పటికీ ఆ గుడ్లు అక్కడ అంటుకొని ఉండవు. కుక్క ఎక్కడ పడుకొంటే అక్కడ, ఎక్కడ దులుపుకొంటే అక్కడ రాలిపోతాయి. వాటినుండి వచ్చిన పిల్లపురుగు సోఫా అడుగున, తివాచీ పోగులలో పెరిగి, తన చుట్టూ గూడు అల్లుకొని నిద్రావస్థలోకి పోతుంది. ఆ గూటిలో అది కొన్ని నెలలపాటు కూడా వేచి ఉండగలదు. నేల అదిరినప్పుడు, వెచ్చని శరీరం దగ్గరకు వచ్చినప్పుడు, ఊపిరి సోకినప్పుడు మాత్రమే అది గూడు చీల్చుకొని బయటకు దూకుతుంది. వారం రోజులు నిశ్శబ్దంగా ఉన్న ఇంట్లోకి అందరూ ఒక్కసారిగా అడుగుపెట్టడంతో వాటికి మేలుకొలుపు పాడినట్లవుతుంది. అంతే.

ఈ ఒక్క ఉదాహరణ అర్థమైతే, ఈ వ్యాసంలో చెప్పదలచిన దానిలో సగం అర్థమైనట్లే. జంతువు మీద మన కంటికి కనిపించే పురుగులు మొత్తంలో చాలా చిన్న భాగం. నిపుణులు నూటికి 5 వంతులని అంచనా వేస్తారు. మిగిలిన 95 వంతులు గుడ్లుగా, పిల్లపురుగులుగా, గూళ్లుగా మన ఇంట్లోనే ఉంటాయి. కావున కుక్కకు ఎన్ని స్నానాలు చేయించినా ఇంటిని పట్టించుకోకపోతే ఫలితం ఉండదు.

పెరటి కుక్క పడకటింటికి వచ్చిన వేళ

1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యే నాటికి ఆ ప్రాంతమంతా రాతిగుట్టలు, పొదలు, దుర్గం చెరువు చుట్టూ నిర్మానుష్యమైన నేల. నేడు గచ్చిబౌలి, నానక్‌రాంగూడ, మణికొండ వరకు అంతస్తుల మీద అంతస్తులు లేచాయి. ఈ ఇళ్లలో ఉండే దంపతులు ఇద్దరూ ఉద్యోగస్థులు, ఒక బిడ్డ, ఊరినుండి వచ్చి తోడుగా ఉంటున్న పెద్దవారు, వీరందరితో పాటు ఒక లాబ్రడారో, షిహ్ ట్జూనో, లేదా వర్షంలో తడుస్తూ కనిపిస్తే జాలిపడి తెచ్చుకొన్న పిల్లికూనో. 2018లో నగరపాలక సంస్థ కొండాపూర్‌లో కేవలం కుక్కల కోసమే ఒక ఉద్యానవనాన్ని తెరిచిందంటే ఈ ప్రాంతంలో శునక ప్రియులు ఎందరో ఊహించవచ్చు.

మన తాతల కాలంలో కుక్క అరుగు మీద పడుకొనేది, పిల్లి వంటింటి అటక మీద ఉండేది. ఎంత ముద్దు చేసినా దాని చోటు దానిదే. ఇప్పుడు అది సోఫా మీద, పిల్లవాడి దుప్పటిలో ఉంటోంది. ఇందులో తప్పు పట్టవలసింది ఏమీ లేదు. కాకపోతే పురుగులు మాత్రం మారలేదు. వాటికీ మనకూ మధ్య ఉండే దూరం తగ్గింది. పైగా యజమానులు రాత్రి పాళీలలో పనిచేయడం వల్ల పగటి సంరక్షణ కేంద్రాలకు, క్షౌరశాలలకు, సెలవులలో వసతి కేంద్రాలకు జంతువులను పంపడం పరిపాటి అయింది. పది ఇళ్ల కుక్కలు ఒకచోట చేరితే పది ఇళ్ల పురుగులూ ఒకచోట చేరుతాయి.

ఇక ఇంట్లో పెద్దవారు ఊరినుండి తెచ్చే చిట్కాలున్నాయి. వేపాకు, పసుపు, సీతాఫలం గింజల పొడి, వెల్లుల్లి, పొగాకు కషాయం, చివరకు కిరోసిన్ వరకు. ఇవన్నీ పశువుల కొట్టంలోనో పెరట్లోనో వాడినవి. వీటిలో కొన్ని నిజంగా మంచివి, కొన్ని పనికిరానివి, కొన్ని ప్రాణాంతకమైనవి. ఏది ఏ కోవకు చెందుతుందో తెలుసుకోవడం ఇంటివారికి అత్యవసరం.

చరకుడు చెప్పిన మూడు మెట్లు

క్రిమి రోగాలను గురించి చరక సంహిత విమానస్థానం ఏడవ అధ్యాయంలో విపులమైన చర్చ ఉంది. క్రిములు ఇరవై రకాలని అక్కడ లెక్కించారు. చికిత్సను మూడు మెట్లుగా విభజించారు. మొదటిది అపకర్షణం, అంటే క్రిమిని పట్టి బయటకు తీసివేయడం. రెండవది ప్రకృతి విఘాతం, అంటే ఆ క్రిమి బ్రతకడానికి అనుకూలించే పరిస్థితిని చెడగొట్టడం. మూడవది నిదాన పరివర్జనం, అంటే కారణాన్ని దూరం పెట్టడం. ఇది మానవులకోసం చెప్పినదే. మన ప్రాచీనులు గుర్రాలకు శాలిహోత్రాన్ని, ఏనుగులకు పాలకాప్యుని హస్త్యాయుర్వేదాన్ని ప్రత్యేకంగా రచించుకొన్నారు గాని, కుక్కకు, పిల్లికి అంతటి ప్రాముఖ్యమిచ్చిన శాస్త్రగ్రంథాన్ని ఇవ్వలేదు. అయినా ఈ మూడు మెట్ల క్రమం నేటి పశువైద్యులు చెప్పేదానికి అచ్చంగా సరిపోతుంది. చేతితో ఏరడం, ఇంటిని శుభ్రపరచడం, తిరిగి రాకుండా మందు వాడడం. మనలో చాలామంది మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతారు.

పిడుదు – రక్తం తాగడమే కాదు, రోగం ఇస్తుంది

హైదరాబాదు కుక్కలకు ప్రధాన శత్రువు పిడుదు. ముఖ్యంగా గోధుమరంగులో ఉండే కుక్కపిడుదు. ఇది అడవి పొదలలో కంటె మన ఇళ్లలోనే హాయిగా బ్రతుకుతుంది. మూడు దశలలో మూడుసార్లు కుక్కను ఎక్కుతుంది. ఆరు కాళ్ల పిల్ల పిడుదుగా ఒకసారి, ఎనిమిది కాళ్ల నడిమి దశలో ఒకసారి, పెద్దదైన తరువాత మరొకసారి. ప్రతిసారీ కడుపు నిండగానే రాలిపడి గోడ పట్టుకొని పైకి పాకుతుంది. తలుపు చట్రాల సందులలో, తెరల మడతలలో, గోడ పగుళ్లలో దాగి రూపు మార్చుకొంటుంది. రక్తం తాగి బొబ్బర్లగింజంత ఉబ్బిన ఆడపిడుదు ఒక పగులులో దూరి వేలకొద్దీ గుడ్లు పెట్టి చనిపోతుంది. ఆహారం లేకుండా పెద్ద పిడుదులు నెలల తరబడి ఉండగలవు. మన వాతావరణంలో వీటికి చలికాలపు విరామం కూడా లేదు. ఏడాది పొడుగునా ఉంటాయి, ఎండ ముదిరినప్పుడు, వానలు పడినప్పుడు విజృంభిస్తాయి.

పదమూడవ అంతస్తులో మాకు పిడుదులెక్కడివి అని అడిగేవారుంటారు. సాయంత్రం కిందికి తీసుకువెళ్లిన కుక్కే వాటిని లిఫ్టులో పైకి తెస్తుంది.

రక్తం తాగడం కంటె పెద్ద ప్రమాదం ఇంకొకటి ఉంది. ఈ పిడుదు కరిచేటప్పుడు ఎర్లీషియా అనే సూక్ష్మజీవిని, బబీసియా అనే పరాన్నజీవిని కుక్క రక్తంలోకి ఎక్కిస్తుంది. వాడుకలో రెండింటినీ పిడుదు జ్వరం అంటారు. ఒక చిన్న పురుగు మరొక జీవి రోగాన్ని మోసుకొని తిరుగుతుందన్న సంగతి మన నగరానికి కొత్త కాదు. 1897 ఆగస్టు 20న సికిందరాబాదులో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూసినది ఇక్కడే. బేగంపేటలోని ఆ భవనం నేటికీ ఉన్నది. బబీసియా కూడా మలేరియా క్రిమి వలెనే ఎర్ర రక్తకణాలలో దూరి వాటిని పగులగొడుతుంది.

పిడుదు జ్వరం వచ్చిన కుక్క మొదట తిండి మానుతుంది. ఎప్పుడూ తలుపు దగ్గరకు పరుగెత్తుకొని వచ్చేది లేవకుండా తోక మాత్రం ఆడిస్తుంది. చాలా ఇళ్లలో దీనిని ఎండదెబ్బ అనో, మొండితనం అనో అనుకొని రెండు మూడు రోజులు పెరుగన్నం పెట్టి చూస్తారు. ఆ రెండు మూడు రోజులే కీలకం. పెదవి పైకెత్తి చిగుళ్లు చూడండి. ఆరోగ్యంగా ఉన్న కుక్కకు అవి గులాబిరంగులో ఉంటాయి (కొన్ని జాతులకు నల్లని మచ్చలు సహజం). అవి సున్నం కొట్టినట్లు పాలిపోయి ఉన్నా, కళ్ల తెల్లగుడ్డు పచ్చబడినా, మూత్రం కాఫీ డికాషన్ రంగులో వచ్చినా, ముక్కునుండి రక్తం కారినా, పొట్ట చర్మం మీద ఎర్రని చుక్కలు కనిపించినా ఆ రోజే పశువైద్యుని దగ్గరకు తీసుకుపోవాలి. ఒంటి మీద పిడుదు కనిపించలేదు కదా అని ఊరుకోరాదు. కరిచిన పిడుదు రాలిపోయిన తరువాత వారాలకు కూడా జ్వరం రావచ్చును. రక్తపరీక్షలో రక్తఫలకికలు తగ్గినట్లు తేలితే ఎర్లీషియాను అనుమానిస్తారు. దానికి డాక్సీసైక్లిన్ అనే మందును సాధారణంగా నాలుగు వారాలు ఇస్తారు. వారం రోజులకే కుక్క లేచి తిరుగుతుంది గనుక మందు ఆపివేసేవారు ఉన్నారు, అట్లు చేయరాదు. బబీసియాకు మందు వేరు. అందుచేత పక్కింటి కుక్కకు పనిచేసిన మాత్రలు తెచ్చి వేయడం అవివేకం.

ఈ దశలో ఇంటి వైద్యానికి చోటు లేదు. ఇంటి వైద్యాన్నే నమ్ముకొన్న పాఠకులకు ఈ మాట రుచించకపోవచ్చు. కాని రక్తంలో చేరిన క్రిమిని వేపాకు చేరుకోలేదు.

పిడుదును తీయడానికి ఒక పద్ధతి ఉంది. సన్నని మొనగల పట్టకారు తీసుకొని, పిడుదు పొట్టను గాక, చర్మానికి ఆనుకొని ఉన్న దాని నోటిభాగాన్ని పట్టి నెమ్మదిగా తిన్నగా పైకి లాగాలి. మెలితిప్పరాదు. అగ్గిపుల్ల కాల్చి పెట్టడం, కిరోసిన్ పోయడం, నూనె రుద్దడం వల్ల పిడుదు ఉక్కిరిబిక్కిరై మరింత లాలాజలాన్ని గాయంలోకి వదలవచ్చు; రోగం ఎక్కేది దానితోనే. తీసినదానిని గోటితో నలపకుండా సబ్బునీటిలోనో స్పిరిటులోనో వేయాలి. పిడుదుల ద్వారా మనుషులకు కూడా ఒక విధమైన టైఫస్ జ్వరం సోకవచ్చును గనుక ఈ పని పిల్లలకు అప్పగించరాదు. చెవుల లోపల, మెడపట్టీ కింద, చంకలలో, వేళ్ల సందులలో, తోక కింద రోజూ వెతకాలి. హస్కీ వంటి దట్టమైన బొచ్చుగల జాతులలో కంటితో వెతకడం కంటె వేళ్లతో తడమడం మేలు.

వంటింటి మందులు – మేలు చేసేవి, కీడు చేసేవి

వేపతో మొదలుపెడదాం. వేపలోని అజాడిరక్టిన్ అనే పదార్థం పురుగుల ఆకలిని చంపుతుంది, వాటి ఎదుగుదలను అడ్డుకొంటుంది. పురుగును వెంటనే చంపదు. ఈ తేడా గుర్తుంచుకోవాలి. తమిళనాడులో వేపాకు, పసుపు కలిపి నూరిన ముద్దను గజ్జి సోకిన 814 మంది మనుషులకు పూసి, అధిక శాతం మందికి నయమైందని 1992లో ఇద్దరు వైద్యులు ప్రకటించారు. మనకు తెలిసిన విషయానికి అది ఒక ఆధారమే. అయితే అది మనుషుల గజ్జి గురించి. కుక్క తన ఒంటిని తాను నాకుతుంది, మనిషి నాకడు.

కుక్కలకు వేపాకు కషాయ స్నానం ఇట్లు చేయించవచ్చును. రెండు గుప్పిళ్ల లేత వేపాకును రెండు లీటర్ల నీటిలో వేసి, నీరు ఆకుపచ్చగా మారేవరకు మరిగించి, పూర్తిగా చల్లార్చి వడపోయాలి. మామూలు స్నానం అయిన తరువాత కళ్లలో పడకుండా ఒంటిమీద పోసి, పది నిమిషాలు ఆగి, మంచినీటితో కడిగివేయాలి. వారానికి ఒక్కసారి చాలు. దురద, చిన్న చిన్న పుండ్లు ఉన్న కుక్కకు ఉపశమనంగా ఉంటుంది. పిడుదుల బెడద దీనివల్లనే పోతుందని మాత్రం ఆశించవద్దు. వేపనూనెను కలపకుండా నేరుగా పూయకూడదు. పిల్లులకు వేపనూనె అసలే వద్దు.

కొబ్బరినూనె గురించి ఒక ఆసక్తికరమైన సంగతి. అందులోనుండి వేరుచేసిన కొవ్వు ఆమ్లాలకు పిడుదులను, దోమలను తరిమే శక్తి ఉన్నట్లు 2018లో అమెరికా శాస్త్రజ్ఞులు ప్రకటించారు. కాని కొబ్బరినూనెకు ఆ శక్తి లేదని కూడా వారే చెప్పారు. కాబట్టి సీసాలోని నూనె పూస్తే పొడిబారిన చర్మానికి మేలు, పిడుదుకు లెక్క లేదు.

వెల్లుల్లి. ఇది తినిపిస్తే రక్తం ఘాటెక్కి పిడుదులు పట్టవని చాలామంది నమ్మకం. మనకు అమృతతుల్యమైన వెల్లుల్లి, ఉల్లి రెండూ కుక్కలకు, అంతకంటె పిల్లులకు, విషం. వాటిలోని గంధక పదార్థాలు ఎర్ర రక్తకణాలను దెబ్బతీసి పగిలిపోయేలా చేస్తాయి. పిడుదు జ్వరం చేసేదీ అదే పని. పిడుదులు పట్టిన కుక్కకు రోజూ వెల్లుల్లి పెట్టడమంటే ఒకే గండిని రెండువైపులనుండి తవ్వడమే. పప్పులో, సాంబారులో, పెళ్లి విందు బిరియానీలో వేసిన ఉల్లి కూడా ఇదే లెక్కలోకి వస్తుంది.

సీతాఫలం గింజల పొడిని తలలో పేలకు వాడడం మన పల్లెలలో ఉన్నదే. పేలు చస్తాయి కూడా. కాని ఆ పొడి కంటిలో పడితే నల్లగుడ్డు తీవ్రంగా దెబ్బతింటుంది. మనుషులలోనే ఇటువంటి ప్రమాదాలు ఎన్నో నమోదయ్యాయి. ఒళ్లు దులుపుకొనే జంతువు మీద, దానిని కౌగిలించుకొనే పిల్లవాడి దగ్గర ఆ పొడికి చోటుండరాదు. పొగాకు కషాయంలోని నికోటిన్ చర్మం ద్వారానే ఒంటికెక్కుతుంది. కర్పూరం నాకితే ఫిట్స్ రావచ్చును. యూకలిప్టస్, టీ ట్రీ వంటి సుగంధ తైలాలు సహజమైనవేనని అంగడివారు చెప్పినా పిల్లులకు కూడనివి. కిరోసిన్, టర్పెంటైన్ సంగతి చెప్పనక్కరలేదు.

పిల్లి ఉన్న ఇంటివారికి ఒక హెచ్చరిక

దీనిని ప్రత్యేకంగా చెప్పక తప్పదు. కుక్కల కోసం అమ్మే చుక్కల మందులలో, చల్లే ద్రావకాలలో కొన్నిటియందు పెర్మెత్రిన్ ఉంటుంది. పశువులకు, కుక్కలకు వాడే మరికొన్నిటిలో డెల్టామెత్రిన్, అమిట్రాజ్ ఉంటాయి. కుక్కకు తగిన మోతాదులో హాని లేని పెర్మెత్రిన్ పిల్లిని చంపగలదు. కుక్క కాలేయం విరిచివేసే విషాన్ని పిల్లి కాలేయం విరవలేదు. ఆ పనికి కావలసిన రసాయన సామర్థ్యం దానికి పుట్టుకతోనే తక్కువ. పిల్లి చిన్నది కదా, కుక్క మందులో సగం వేస్తే సరిపోతుంది అనే లెక్క ఇక్కడ పనికిరాదు. కుక్కకు మందు వేసిన రోజున పిల్లి దాని పక్కన ముడుచుకొని పడుకొన్నా ప్రమాదమే.

పొరపాటున జరిగితే కొద్ది గంటలలో పిల్లి చెవులు, ముఖకండరాలు అదరడం, తూలడం, ఒళ్లంతా వణకడం కనిపిస్తుంది. గోరువెచ్చని నీటితో, గిన్నెలు తోమే తేలికపాటి ద్రవసబ్బుతో మందు వేసినచోట కడిగి, తువ్వాలులో చుట్టి, మందు పెట్టెతో సహా వెంటనే వైద్యుని దగ్గరకు తీసుకువెళ్లాలి. పాలు పట్టడం, మజ్జిగ పట్టడం వంటి ప్రయత్నాలతో కాలం వ్యర్థం చేయరాదు. అర్ధరాత్రి తెరిచి ఉండే పశువైద్యశాల ఏదో, దాని దూరం ఎంతో ముందుగానే కనుక్కొని పెట్టుకోవడం మంచిది. సాయంత్రం వేళ బయోడైవర్సిటీ కూడలి దాటడానికి ఎంతసేపు పడుతుందో ఆ ప్రాంతంవారికి చెప్పనక్కరలేదు కదా!

నేలను తుడిచే ఫినాయిల్ కూడా పిల్లులకు మంచిది కాదు. తడి నేలమీద నడిచి, పాదాలు నాకుతాయి.

మందుల ఎంపిక

నేడు నెలకొకసారి, మరికొన్నిటిని మూడు నెలలకొకసారి ఇచ్చే నమిలే మాత్రలు వచ్చాయి. ఇవి కుక్క రక్తంలో ఉండి, కరిచిన పిడుదును చంపుతాయి. ఫిట్స్ వచ్చిన చరిత్ర ఉన్న కుక్కలకు వీటిని జాగ్రత్తగా వాడాలని 2018లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించింది. ఆ విషయం వైద్యునితో ముందే చెప్పాలి. మెడమీద వేసే చుక్కల మందు వేస్తే, ముందు రెండు రోజులు, తరువాత రెండు రోజులు స్నానం చేయించరాదు. ఆదివారం స్నానం, ఆదివారమే మందు అనే అలవాటుతో ఎంతో డబ్బు నీళ్లపాలవుతోంది.

ఐవర్‌మెక్టిన్ అనే మందు కనుగొన్నందుకు 2015లో ఇద్దరు శాస్త్రజ్ఞులు నోబెల్ బహుమతి పంచుకొన్నారు. మానవాళికి అంత మేలు చేసిన మందు. కానీ కోలీ జాతి, దాని సంబంధిత జాతుల కుక్కలలో చాలావాటికి వారసత్వంగా వచ్చిన ఒక లోపం వల్ల అది మెదడులోకి చొరబడి ప్రాణం తీయగలదు. పశువులకోసం తయారైన సూదిమందును అంచనాగా కుక్కకు ఎక్కించేవారు ఈ సంగతి తెలుసుకోవాలి.

ఇంటికి చేయవలసిన చికిత్స

వ్యాసారంభంలో చెప్పిన సంక్రాంతి కథకు ఇక్కడ పరిష్కారం. జంతువు పడుకొనే గుడ్డలను వారానికొకసారి బాగా వేడిగా ఉన్న నీటిలో నానబెట్టి ఉతికి, ఎండలో ఆరవేయాలి. వాక్యూమ్ యంత్రంతో సోఫా కిందను, గోడల అంచులను, తివాచీని రోజు విడిచి రోజు లాగాలి. ఆ యంత్రపు అదురు గూళ్లలోని పురుగులను మేల్కొలుపుతుంది గనుక, మేల్కొన్నవి మందుకు దొరుకుతాయి. సంచిలోని చెత్తను వెంటనే మూటకట్టి బయట పారవేయాలి. పిడుదుల కోసం గోడ పగుళ్లను, బాల్కనీ టైళ్ల సందులను తెల్లసిమెంటుతో పూడ్చాలి. క్రిమి నివారణ సంస్థలచేత మందు చల్లిస్తే, ఆరేవరకు జంతువులను మరొకచోట ఉంచాలి. చేపల తొట్టి ఉంటే దాని సంగతి మరువరాదు, ఈ మందులు చేపలకు మహావిషం. ఒక్కసారితో ముగిసిందనుకోరాదు. గూళ్లలో మిగిలినవి తరువాత వస్తాయి. మూడు నెలలు విడవకుండా చేస్తేగాని ఇల్లు శుభ్రపడదు.

ఫ్లీలు ఉన్నాయో లేవో తెలుసుకొనే తేలిక పరీక్ష ఒకటి ఉంది. తడిపిన తెల్లకాగితం మీద కుక్కను నిలబెట్టి సన్నని దువ్వెనతో దువ్వండి. రాలిన నల్లని రవ్వలు తడికి కరిగి ఎర్రగా మారితే అది మట్టి కాదు, జీర్ణమైన రక్తం.

కడుపులోని పురుగులు

ఏలికపాములు తల్లి గర్భంలోనే కుక్కపిల్లకు సంక్రమిస్తాయి. పిల్లికూనలకు తల్లిపాల ద్వారా వస్తాయి. కావున శుభ్రమైన చోట కొన్నాము, మా పిల్లకు పురుగులు లేవు అనే మాటకు అర్థం లేదు. కుక్కపిల్లలకు రెండవ వారంనుండి ఎనిమిది వారాల వయసు వచ్చేవరకు రెండు వారాలకొకసారి, తరువాత ఆరు నెలల వయసు వరకు నెలకొకసారి, ఆపై మూడు నెలలకొకసారి బరువు తూచి మందు ఇప్పించాలి. పిల్లికూనలకు మూడవ వారంనుండి మొదలుపెడతారు. కొంకిపురుగులు ప్రేగు గోడను కొరికి రక్తం పీల్చుతాయి. నల్లని జిగట విరేచనాలతో కుక్కపిల్ల కొద్ది రోజులలో నీరసించి చనిపోగలదు.

వాయువిడంగాలను క్రిమిహర ద్రవ్యాలలో శ్రేష్ఠమని చరకుడు మెచ్చుకొన్నాడు. మోదుగ గింజలకూ ఆ ఖ్యాతి ఉంది. కాని ఇవి మనుషులకు చెప్పిన మోతాదులు. అరకిలో బరువున్న కూనకు ఎంత ఇవ్వాలో నిర్ణయించిన ప్రమాణం లేదు. రక్తం కోల్పోతున్న పసికూన మీద ప్రయోగం చేయవద్దని నా మనవి.

బద్దెపురుగుల కథ వేరు. తోక కింద, పడుకొన్న గుడ్డమీద దోసగింజల వంటి తెల్లని ముక్కలు కనిపిస్తే అవే. ఫ్లీని మింగడం వల్ల ఇవి వస్తాయి. దీనికి ప్రాజిక్వాంటెల్ ఉన్న మందు కావాలి; ఏలికపాముల మందులలో కొన్ని వీటిమీద పనిచేయవు. ఎన్ని మాత్రలు వేసినా నెలకు మళ్లీ కనిపిస్తున్నాయంటే ఇంట్లో ఫ్లీలు పోలేదని అర్థం.

ఇంట్లో పిల్లలుంటే ఈ విషయం మరింత ముఖ్యం. ఏలికపాముల గుడ్లు మట్టిలో కొన్ని వారాలకు అంటురోగ శక్తిని పొంది, ఏళ్ల తరబడి నిలుస్తాయి. ఆటస్థలపు ఇసుకలో ఆడి, చేతులు కడుగకుండా నోట్లో పెట్టుకొనే బిడ్డ శరీరంలో ఆ పిల్లపురుగులు దారితప్పి తిరుగుతాయి. అరుదుగా కంటిలో చేరి చూపును పోగొడతాయి. కొంకిపురుగు పిల్లలు తడినేలమీద ఉత్తకాళ్లతో నడిచేవారి చర్మంలోకి దూరి, పాకుతున్న గీతలాంటి దురదను కలిగిస్తాయి. తాజా మలంలో ఈ ప్రమాదం లేదు, నిలవ ఉంటేనే. అందుచేత మలాన్ని అప్పటికప్పుడు కాగితంతో ఎత్తి పారవేస్తే రెండు బెడదలూ తప్పుతాయి. అపార్టుమెంటు సంఘాల సమావేశాలలో కుక్కల యజమానులకు, ఇతరులకు మధ్య జరిగే తగవులలో సగం దీనిగురించే. కుక్కలను నిషేధించడం కంటె ఆవరణలో ఒక మూత ఉన్న చెత్తడబ్బా పెట్టడం తేలిక.

గర్భిణి, పిల్లి

కోడలు గర్భవతి అని తెలియగానే పిల్లిని వదిలివేయమని ఇంటి పెద్దలు పట్టుబట్టడం ఈ ప్రాంతపు ఇళ్లలో తరచు జరిగేదే. వారి భయం పూర్తిగా నిరాధారం కాదు. టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి పిల్లి మలంలో వెలువడుతుంది. గర్భిణికి కొత్తగా సోకితే గర్భస్థ శిశువుకు హాని కలగవచ్చును. అయితే వెలువడిన వెంటనే దానికి అంటే శక్తి ఉండదు, ఒకటి నుండి అయిదు రోజులు పడుతుంది. సోకిన పిల్లి కూడా సాధారణంగా ఒకటి నుండి మూడు వారాలు మాత్రమే దానిని వెలువరిస్తుంది. ఇంట్లోనే ఉంటూ, ఎలుకలను పట్టకుండా, ఉడికిన ఆహారం తినే పిల్లివల్ల ప్రమాదం స్వల్పం. నిజానికి సరిగా ఉడకని మాంసం, కడుగని కూరగాయలు, చేతి తొడుగులు లేకుండా కుండీలలో మట్టి తవ్వడం కూడా ఈ రోగానికి రాచబాటలే. కాబట్టి పిల్లిని వీధిపాలు చేయనక్కరలేదు. దానికి పచ్చిమాంసం పెట్టకుండా, మలం పెట్టెను ప్రతిరోజూ తప్పక శుభ్రం చేయాలి. ఆ తొమ్మిది నెలలూ ఆ పని భర్తగారి చేతికి అప్పగిస్తే చాలును.